జేబు తుపాకీకి రూపమిచ్చిన వెస్సన్

* మామ కాదన్న వృత్తితోనే ప్రపంచ ఖ్యాతి
* పేటెంటు పోరాటాల నడుమ తొలి తూటా రివాల్వర్
* పిల్లల చేతిలో పేలని తుపాకీ కోసం ప్రయత్నం
* చివరి దశలో ప్రసూతి ఆసుపత్రికి విరాళం
* మన లైసెన్సు రివాల్వర్లలోనూ ఆయన కంపెనీ తూటాయే

కోటు జేబులోనో, చేతిసంచి అడుగునో కనిపించకుండా ఇమిడిపోయే పొట్టి గొట్టం రివాల్వర్‌ను సినిమాల్లో చూడని వారుండరు. డిటెక్టివ్ పాత్రధారి చేతిలోనూ అదే, ప్రతినాయకుడి చేతిలోనూ అదే. అమెరికాలో ఆత్మరక్షణ కోసం ఆయుధాన్ని రహస్యంగా వెంట ఉంచుకునే వారిలో నేటికీ ఎందరో దీనినే ఎంచుకుంటున్నారు. ఈ చిన్న ఆయుధం వెనుక ఒక రైతు బిడ్డ జీవితకాల శ్రమ ఉంది. ఆయన పేరు డేనియల్ బేర్డ్ వెస్సన్. స్మిత్ అండ్ వెస్సన్ అనే జంట పేర్లలో రెండోది ఆయనదే. 1825లో పుట్టి 1906లో కన్నుమూసిన వెస్సన్ జీవితం అప్పులు, దావాలు, అపారమైన సంపద, చివరకు దానధర్మాలతో నిండి ఉంది. ఆయన తయారుచేసిన వస్తువు కొందరి ప్రాణాలు కాపాడింది. మరెందరి ప్రాణాలో తీసింది. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన ఉంచి చూస్తే తప్ప ఆయన కథ పూర్తి కాదు.

నాగళ్లు చేసే ఇంట పుట్టి..

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, వూస్టర్ పట్టణంలో 1825 మే 18న డేనియల్ జన్మించారు. తండ్రి రూఫస్ వెస్సన్ వ్యవసాయం చేస్తూనే కొయ్య నాగళ్లు తయారుచేసి అమ్మేవారు. ఇంట్లో ఉలి, సుత్తి, కొలిమి మధ్యనే పిల్లలు పెరిగారు. డేనియల్‌కు పొలం పని పెద్దగా రుచించలేదు. ఆయన మనసంతా అన్న ఎడ్విన్ మీదే ఉండేది. ఎడ్విన్ అప్పటికే నార్త్‌బరో అనే ఊరిలో గురి తప్పని రైఫిళ్లు చేసే పనివాడుగా పేరు తెచ్చుకున్నారు. యుక్తవయసులో అడుగుపెట్టగానే డేనియల్ అన్న వద్ద శిష్యరికానికి చేరారు. గొట్టానికి లోపల గాడులు తీయడం, పిడిని చేతికి ఒదిగేలా చెక్కడం, మీట బిగువును సరిచూడటం అక్కడే నేర్చుకున్నారు.

ఆ కాలంలో తుపాకీ పని గౌరవనీయమైన వ్యాపారంగా ఎదగలేదు. ఒక్కో తుపాకీని ఒక్కో పనివాడు చేతితో మలిచేవాడు. గిరాకీ ఉన్నప్పుడు తిండి, లేనప్పుడు అప్పు అన్నట్టుగా బతుకు సాగేది. ఈ పరిస్థితే డేనియల్ సొంత జీవితంలో తొలి చిక్కు తెచ్చిపెట్టింది.

మామ కాదన్న పెళ్లి

నార్త్‌బరోకే చెందిన సింథియా హావ్స్ అనే యువతిని డేనియల్ ఇష్టపడ్డారు. ఆమె తండ్రి ఈ సంబంధానికి ససేమిరా అన్నారు. తుపాకులు బాగుచేసే కుర్రవాడు తన కుమార్తెను పోషించలేడన్నది ఆయన అభిప్రాయం. దీంతో ఇద్దరూ ఇల్లు దాటి పొరుగున ఉన్న కనెక్టికట్ రాష్ట్రంలోని థాంప్సన్ అనే ఊరికి చేరి, 1847 మే 26న వివాహం చేసుకున్నారు. అప్పటికి డేనియల్ వయసు 22 ఏళ్లు.

ఆ పెళ్లి 59 ఏళ్లు నిలిచింది. మామ కాదన్న అదే నార్త్‌బరోలో 1886లో వెస్సన్ భార్య కోసం వైట్ క్లిఫ్స్ పేరుతో వేసవి విడిది భవనాన్ని కట్టించారు. నాడు పిల్లనివ్వమన్న ఊరిలో నేడు అంత పెద్ద ఇల్లు మరొకటి లేదన్నంతగా అది వెలసింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది. 2016లో దానిని ఆ పట్టణమే కొనుగోలు చేసింది.

అన్న మరణం.. కోల్ట్ దావా

పెళ్లయిన రెండేళ్లు తిరగకుండానే పిడుగు పడింది. 1849 ఆరంభంలో ఎడ్విన్ హఠాత్తుగా మరణించారు. ఆయన వెనుక మిగిలింది పేరు, అప్పులు మాత్రమే. దుకాణం అప్పులవాళ్ల పాలైంది. అయితే ఎడ్విన్ చేతిలో ఒక ఆలోచన ఉండేది. తూటాలు పట్టే గుండ్రని సిలిండర్ యంత్రం సాయంతో తనంతట తాను తిరిగే విధానం అది. ఆయన మరణానంతరం దానికి పేటెంటు దక్కింది. దాని ఆధారంగా మసాచుసెట్స్ ఆర్మ్స్ కంపెనీ ఏర్పడింది.

అప్పటికే రివాల్వర్ రంగాన్ని శామ్యూల్ కోల్ట్ తన గుప్పిట్లో ఉంచుకున్నారు. 1836లో ఆయన పొందిన పేటెంటు ఎవరినీ దరిచేరనిచ్చేది కాదు. కోల్ట్ 1851లో మసాచుసెట్స్ ఆర్మ్స్ కంపెనీపై దావా వేసి గెలిచారు. అన్న పేటెంటు కోర్టులో కుప్పకూలడం డేనియల్ కళ్లెదుటే జరిగింది. మంచి తుపాకీ చేయడం ఒక్కటే చాలదని, దానిపై హక్కు ఎవరిదన్నదే గెలుపోటములను తేలుస్తుందని ఆయనకు అప్పుడే అర్థమైంది. తర్వాతి 20 ఏళ్ల ఆయన నడకంతా ఈ పాఠం మీదే సాగింది.

స్మిత్‌తో జోడీ.. చొక్కాల వ్యాపారికి అమ్మకం

హోరేస్ స్మిత్ వెస్సన్ కంటే 17 ఏళ్లు పెద్ద. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ ఆయుధాగారంలో పని నేర్చిన నిపుణుడు. 1852లో ఇద్దరూ కలిసి కనెక్టికట్‌లోని నార్విచ్‌లో తొలి భాగస్వామ్యం ప్రారంభించారు. మీటను కిందకు లాగి పైకి నెడితే గొట్టం కింద వరుసగా ఉన్న తూటాల్లో ఒకటి పేలుడు గదిలోకి వచ్చే పిస్తోలు వారి తొలి సరుకు. ఆలోచన గొప్పదే కానీ తూటాలో బలం తక్కువ. మందు సరిగా అంటుకునేది కాదు. పెట్టుబడి కరిగిపోయింది.

1855లో ఆ సంస్థ వోల్కానిక్ రిపీటింగ్ ఆర్మ్స్ కంపెనీగా మారి కొత్త వాటాదారుల చేతికి వెళ్లింది. వారిలో చొక్కాల తయారీతో ధనికుడైన ఆలివర్ వించెస్టర్ ఒకరు. తర్వాతి కాలంలో అమెరికా పశ్చిమ ప్రాంతమంతటా ప్రసిద్ధి చెందిన వించెస్టర్ రైఫిల్ మూలాలు స్మిత్, వెస్సన్ అమ్ముకున్న ఆ పిస్తోలులోనే ఉన్నాయి. ఓడిపోయామనుకున్న ప్రయత్నం మరొకరికి సంపద తెచ్చిపెట్టింది. వెస్సన్ మాత్రం దిగులుపడి ఊరుకోలేదు. ఆయన చూపు మరో చిన్న వస్తువుపై నిలిచింది. అదే తూటా.

తూటా మారింది.. తుపాకీ మారింది

అప్పటి రివాల్వర్‌ను నింపడం పెద్ద ప్రహసనం. సిలిండర్‌లోని ఒక్కో గదిలో ముందు నుంచి మందు పోయాలి. దానిపై సీసపు గుండు పెట్టి పుల్లతో దట్టించాలి. వెనుక వైపు చిన్న రాగి టోపీ తొడగాలి. ఇలా గది గదికీ చేయాలి. వాన పడితే మందు తడిసిపోయేది. ఆదమరిస్తే ఒక గది పేలినప్పుడు నిప్పురవ్వ పక్క గదికి పాకేది. జేబులో పెట్టుకుని రోజుల తరబడి తిరగడానికి అది పనికొచ్చే ఆయుధం కాదు.

ఫ్రాన్స్‌లో ఫ్లోబెర్ అనే తయారీదారు ఇళ్లలో సరదాగా గురిచూసి కాల్చుకోవడానికి ఒక చిన్న రాగి తూటాను రూపొందించారు. వెస్సన్ దానిని మెరుగుపరిచారు. గుండు, మందు, అంటించే పదార్థం మూడూ ఒకే రాగి గొట్టంలో ఇమిడే తూటాను తయారుచేశారు. అంచుపై దెబ్బ తగిలితే మందు అంటుకుంటుంది. .22 షార్ట్ పేరుతో వచ్చిన ఆ తూటా ఒకటిన్నర శతాబ్దం దాటినా వాడుకలో నిలిచింది.

కొత్త తూటాకు కొత్త తుపాకీ కావాలి. సిలిండర్‌కు ముందు నుంచి వెనుక వరకు ఆరపార రంధ్రాలు ఉంటేనే వెనుక నుంచి తూటా పెట్టగలరు. పేటెంటు కార్యాలయంలో వెతికిస్తే ఆ ఆలోచన అప్పటికే రోలిన్ వైట్ అనే వ్యక్తి సొంతమై ఉందని తేలింది. 1855 ఏప్రిల్‌లో ఆయన పేటెంటు పొందారు. అన్న కథ మరచిపోని వెస్సన్ పేటెంటును దాటేసి తయారీకి దిగలేదు. 1856 నవంబరులో వైట్‌తో ఒప్పందం చేసుకున్నారు. అమ్మిన ప్రతి రివాల్వర్‌కు 25 సెంట్లు వైట్‌కు చెల్లించాలి. అయితే ఆ పేటెంటును ఎవరైనా ఉల్లంఘిస్తే కోర్టులో పోరాడే ఖర్చు మాత్రం వైట్‌దే. చూడటానికి చిన్నదిగా ఉన్న ఈ షరతే తర్వాత ఒకరిని కుబేరుడిని చేసి, మరొకరిని ఖాళీ చేతులతో నిలబెట్టింది.

అదే ఏడాది స్మిత్‌తో రెండోసారి చేతులు కలిపి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పని మొదలుపెట్టారు. 1857లో మోడల్ 1 పేరుతో ఏడు తూటాల .22 రివాల్వర్ బజారులోకి వచ్చింది. అరచేతిలో ఇమిడే పరిమాణం, గొట్టం పొడవు మూడు అంగుళాలకు కొంచెం పైన. మందు పోసే పని లేదు, తడిసే భయం లేదు. కోల్ట్ పేటెంటు గడువు కూడా సరిగ్గా అదే ఏడాది ముగిసింది. వెస్సన్ ఆ వేళ కోసమే కాచుకుని ఉన్నారు.

సైనికుడి జేబులో..

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. ప్రభుత్వం ఈ చిన్న రివాల్వర్లను సైన్యానికి కొనలేదు. యుద్ధానికి వెళ్లే సైనికులు, వారి తల్లిదండ్రులు సొంత డబ్బుతో కొన్నారు. పెద్ద ఆయుధం చేజారినా చివరి ఘడియలో జేబులో ఒకటి ఉంటుందన్న ధైర్యం వారికి కావలసింది. .32 బోర్‌లో వచ్చిన మోడల్ 2కు ఇంకా ఎక్కువ గిరాకీ ఏర్పడింది. కర్మాగారం రేయింబవళ్లు పనిచేసినా ఆర్డర్లు తీరలేదు.

ఆ చిన్న తూటాకు నిజంగా ఎంత బలముందన్నది వేరే సంగతి. ప్రఖ్యాత హాస్య రచయిత మార్క్ ట్వేన్ 1861లో పశ్చిమ ప్రాంతానికి ప్రయాణమైనప్పుడు ఏడు తూటాల స్మిత్ అండ్ వెస్సన్‌ను వెంట తీసుకెళ్లారు. 1872లో వెలువడిన రఫింగ్ ఇట్ గ్రంథంలో దాని బలహీనతను, గురిని తనదైన శైలిలో ఎగతాళి చేశారు. ఎగతాళి ఎంత చేసినా జనం కొనడం మానలేదు. వెంట ఉందన్న భరోసాయే వారు కొన్న అసలు సరుకు. జేబు తుపాకీ వ్యాపారానికి నాటి నుంచి నేటి వరకు పునాది ఇదే.

గెలిచిన కంపెనీ.. ఓడిన వైట్

లాభాలు చూసి పలు కంపెనీలు అదే తరహా రివాల్వర్లు తయారుచేయసాగాయి. ఒప్పందం ప్రకారం రోలిన్ వైట్ ఒక్కొక్కరిపై దావాలు వేయాల్సి వచ్చింది. ఈథన్ ఆలెన్ కంపెనీపై వేసిన దావాలో 1863లో తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది. సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు సమానంగా చీలిపోవడంతో కింది కోర్టు తీర్పే నిలిచింది. ఉల్లంఘించిన కొన్ని కంపెనీలు మిగిలిన సరుకుపై స్మిత్ అండ్ వెస్సన్ కోసం చేసినదన్న ముద్ర వేసి అమ్మాల్సి వచ్చింది.

పేటెంటు కాలమంతటిలో వైట్‌కు ముట్టినది సుమారు 71 వేల డాలర్లు. అందులో అధిక భాగం న్యాయవాదులకే పోయింది. 1869లో గడువు ముగిశాక పొడిగింపు కోసం ఆయన కాంగ్రెస్ తలుపు తట్టారు. బిల్లు ఆమోదం పొందినా 1870 జనవరిలో అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ దానిని తిప్పి పంపారు. ఆ పేటెంటు వల్ల యుద్ధకాలంలో మెరుగైన ఆయుధాలు ప్రభుత్వానికి అందకుండా పోయాయన్నది ఆయుధ విభాగం అభ్యంతరం. సైన్యాధిపతిగా ఆ యుద్ధం గెలిపించిన గ్రాంట్ చేతిమీదుగానే వైట్ ఆశలు ఆరిపోయాయి. వెస్సన్ చట్టరీత్యా తప్పేమీ చేయలేదు. ఒప్పందాన్ని అక్షరాలా పాటించారు. అయినా ఆ గెలుపులో మరొకరి నష్టం ఇమిడి ఉందన్న మాట చరిత్రలో నిలిచిపోయింది.

రష్యా రాకుమారుడి రాక

గడువు ముగిసేనాటికి వెస్సన్ తర్వాతి అడుగు సిద్ధం చేసుకున్నారు. 1870లో పెద్ద బోర్ మోడల్ 3 వచ్చింది. అమెరికా సైన్యం వెయ్యి రివాల్వర్లు తీసుకుంది. 1871లో రష్యా ప్రభుత్వం 20 వేల రివాల్వర్లకు ఆర్డరు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో రష్యా రాకుమారుడు అలెక్సీ స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారాన్ని స్వయంగా సందర్శించారు. మొత్తం మీద రష్యాకు లక్షకు పైగా రివాల్వర్లు వెళ్లాయి. 1873లో హోరేస్ స్మిత్ వయోభారంతో తన వాటాను అమ్మి విశ్రాంతి తీసుకున్నారు. నాటి నుంచి కంపెనీ పగ్గాలు పూర్తిగా వెస్సన్ చేతికి, ఆపై ఆయన కుమారుల చేతికి వచ్చాయి. స్మిత్ పేరును మాత్రం ఆయన తీసివేయలేదు.

పసివాడి చేతిలో పేలని తుపాకీ

సైన్యాల ఆర్డర్లు వస్తాయి, పోతాయి. సామాన్యుడి జేబు మాత్రం ఎప్పుడూ ఉంటుందని వెస్సన్ గ్రహించారు. 1880లో మీట నొక్కితే చాలు సుత్తి లేచి పడే .38 జేబు రివాల్వర్‌ను విడుదల చేశారు. అయితే ఇళ్లలో ప్రమాదాలు జరుగుతూనే ఉన్నాయి. సొరుగులో ఉంచిన తుపాకీ పిల్లల చేతికి చిక్కేది. జేబులోంచి తీసేటప్పుడు సుత్తి బట్టకు తగిలి పేలేది.

ఒక పసివాడు తుపాకీతో ఆడుకుంటూ గాయపడ్డ వార్త విని వెస్సన్ కలత చెందారని, ఆ రాత్రే కొత్త ఆలోచనకు బీజం పడిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజానిజాలు ఎలా ఉన్నా దాని ఫలితం మాత్రం కళ్లెదుటే నిలిచింది. కుమారుడు జోసెఫ్‌తో కలిసి ఆయన రూపొందించిన సేఫ్టీ హ్యామర్‌లెస్ రివాల్వర్ 1887లో బజారులోకి వచ్చింది. సుత్తి పూర్తిగా లోపలే ఉంటుంది కనుక బట్టకు తగలదు. పిడి వెనుక ఒక పలక ఉంటుంది. దానిని అరచేతితో గట్టిగా నొక్కి పట్టుకుంటేనే మీట పనిచేస్తుంది. చిన్నపిల్లల చేతికి అంత పట్టు ఉండదన్నది దాని వెనుక ఉన్న లెక్క. పిండుతూ కాల్చాలి కనుక జనం దానికి నిమ్మకాయ పిండేదని ముద్దుపేరు పెట్టారు.

మరుసటి ఏడాది .32 బోర్‌లో ఇంకా చిన్నది వచ్చింది. అందులో రెండు అంగుళాల గొట్టం ఉన్న రకానికి సైకిల్ రివాల్వర్ అని పేరొచ్చింది. అమెరికా అంతటా సైకిల్ మోజు సాగుతున్న రోజులవి. ఊరి బయట దారుల్లో వెంటపడే కుక్కలకు, దారికాచే దొంగలకు భయపడే సైకిల్ ప్రయాణికులు దీనిని జేబులో వేసుకునేవారు. నేటి పొట్టి గొట్టం రివాల్వర్‌కు కావలసిన లక్షణాలన్నీ అప్పటికే అందులో ఉన్నాయి. చిన్న గొట్టం, దాగి ఉన్న సుత్తి, ఐదు తూటాలు, తీసిన వెంటనే పేలే సంసిద్ధత. .38 రకం 1940 వరకు ఉత్పత్తిలో కొనసాగింది.

దాచిన ఆయుధం.. కుదిపిన హత్యలు

ఇదే కాలంలో దాచుకునే తుపాకీ రెండో ముఖమూ బయటపడింది. 1881 జులై 2న వాషింగ్టన్ రైల్వేస్టేషన్‌లో అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై ఛార్లెస్ గిటో కాల్పులు జరిపాడు. వాడినది బుల్‌డాగ్ తరహా పొట్టి రివాల్వర్. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ మరణించారు. 1901 సెప్టెంబరు 6న బఫెలో నగరంలో అధ్యక్షుడు విలియం మెకిన్లీని కరచాలనం చేసేంత దగ్గరగా వెళ్లి లియోన్ చోల్గోష్ కాల్చాడు. చేతిరుమాలు చుట్టి దాచిన ఆ రివాల్వర్ ఐవర్ జాన్సన్ కంపెనీది. రెండూ వెస్సన్ కర్మాగారంలో పుట్టినవి కావు. అయినా జేబులో దాచిన తుపాకీ ఎంతటి రక్షణ వలయాన్నైనా దాటగలదని అవి చాటాయి.

రహస్యంగా ఆయుధం ధరించడంపై అమెరికాలో చట్టాలు కొత్తేమీ కాదు. కెంటకీ, లూసియానా రాష్ట్రాలు 1813లోనే నిషేధం విధించాయి. టెక్సాస్ 1871లో పిస్తోళ్లు వెంట తిప్పుకోవడాన్ని కట్టడి చేసింది. న్యూయార్క్ 1911లో సలివాన్ చట్టంతో లైసెన్సు తప్పనిసరి చేసింది. ఒకవైపు చట్టాలు పెరిగాయి. మరోవైపు చవకబారు నకిలీలతో కలిపి జేబు రివాల్వర్ల అమ్మకాలూ పెరిగాయి.

ఇచ్చిన ఇల్లే ఆసుపత్రిగా..

స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని మేపుల్ వీధిలో వెస్సన్ రాజభవనం వంటి ఇల్లు కట్టుకున్నారు. హై వీధిలోని తన పాత ఇంటిని ఆసుపత్రి కోసం ఇచ్చేశారు. వెస్సన్‌కు హోమియోపతి వైద్యంపై గట్టి నమ్మకం. 1900లో ఆ ఇంట్లోనే హాంప్‌డెన్ హోమియోపతిక్ ఆసుపత్రి మొదలైంది. తర్వాత సొంత ధనంతో కొత్త ఆసుపత్రి భవనానికి, స్త్రీల కోసం ప్రత్యేక ప్రసూతి ఆసుపత్రికి ఏర్పాట్లు చేశారు. ప్రసూతి ఆసుపత్రి 1908లో తలుపులు తెరిచింది. అప్పటికి దాత లేరు.

1906 జులైలో భార్య సింథియా కన్నుమూశారు. ఆమె కోసం ఇల్లు విడిచి, ఆమె కోసం ఇల్లు కట్టిన వెస్సన్ ఆ తర్వాత నెల రోజులైనా బతకలేదు. 1906 ఆగస్టు 4న, 81వ ఏట తుదిశ్వాస విడిచారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఓక్ గ్రోవ్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. 1976లో ఊరిలోని ఆసుపత్రులు విలీనమై బేస్టేట్ మెడికల్ సెంటర్ ఏర్పడినా స్త్రీ, శిశు విభాగానికి వెస్సన్ పేరు కొనసాగింది. తుపాకులు చేసిన మనిషి పేరు పురిటి గదుల తలుపులపై నిలిచింది.

ఆయనపై చెలామణి అయ్యే ఒక కట్టుకథను కూడా ఇక్కడే తేల్చాలి. 1902లో వచ్చిన లేడీస్మిత్ అనే అతి చిన్న .22 రివాల్వర్ వేశ్యావాటికల్లో వాడుకలోకి వచ్చిందని తెలిసి వెస్సన్ మండిపడి తయారీ ఆపించారని చెబుతుంటారు. ఆ రివాల్వర్ తయారీ ఆగింది 1921లో. అప్పటికి వెస్సన్ మరణించి 15 ఏళ్లయింది.

మరణానంతరం పెరిగిన గిరాకీ

1927లో కోల్ట్ కంపెనీ రెండు అంగుళాల గొట్టంతో ఆరు తూటాల డిటెక్టివ్ స్పెషల్‌ను తెచ్చింది. మఫ్టీలో తిరిగే పోలీసులకు అది ప్రాణమైంది. దీనికి పోటీగా 1950లో కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగిన పోలీసు అధిపతుల సదస్సులో స్మిత్ అండ్ వెస్సన్ ఐదు తూటాల .38 రివాల్వర్‌ను ప్రదర్శించింది. సదస్సుకు వచ్చిన వారి గౌరవార్థం అది చీఫ్స్ స్పెషల్ అయింది. 1957లో మోడల్ 36గా సంఖ్య పొందింది. స్మిత్‌తో తొలి భాగస్వామ్యానికి నూరేళ్లు నిండిన సందర్భంగా 1952లో సెంటినియల్ పేరుతో మరొకటి తెచ్చారు. సుత్తి లోపల దాగి, పిడి వెనుక పలక ఉన్న ఆ తుపాకీ 1887 నాటి వెస్సన్ ఆలోచనకు నకలే. పలక తర్వాత కనుమరుగైనా, దాచిన సుత్తితో 442, 642 సంఖ్యల రకాలు కొనసాగుతున్నాయి.

ఎక్కువ తూటాలు పట్టే పిస్తోళ్లు వచ్చాక కూడా ఇవి ఎందుకు నిలిచాయన్నది ఆసక్తికరం. నెలల తరబడి సొరుగులో ఉన్నా స్ప్రింగులు సడలవు. ఒక తూటా పేలకపోతే మళ్లీ మీట నొక్కితే చాలు, తర్వాతి తూటా ముందుకొస్తుంది. నునుపైన అంచుల వల్ల జేబులో చిక్కుకోదు. లోపాలూ తక్కువేం కాదు. గొట్టం పొట్టిది కావడంతో నాలుగడుగులు దూరం పెరిగితే గురి కుదరదు. తేలికైన కొద్దీ చేతికి కొట్టే దెబ్బ ఎక్కువ. ఐదు తూటాలు అయిపోతే మళ్లీ నింపడం ఆలస్యం. కొత్తగా నేర్చుకునేవారికి అనువైనదిగా కనిపించే ఈ తుపాకీ నిజానికి నేర్పరికే లొంగుతుంది.

చీకటి ఘట్టాల్లోనూ దీని నీడ ఉంది. 1963లో డాలస్ పోలీసుల సమక్షంలో లీ హార్వే ఆస్వాల్డ్‌ను జాక్ రూబీ కాల్చింది పొట్టి కోల్ట్ కోబ్రాతో. 1968లో సైగాన్ వీధిలో ఖైదీని పోలీసు అధిపతి కాల్చిచంపిన ఛాయాచిత్రం ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. ఆ చేతిలో ఉన్నది స్మిత్ అండ్ వెస్సన్ బాడీగార్డ్ రకం. 1980లో గాయకుడు జాన్ లెనన్ ప్రాణం తీసిందీ ఈ తరహా .38 రివాల్వరే.

1987లో ఫ్లోరిడా రాష్ట్రం అర్హులందరికీ రహస్య ఆయుధ అనుమతి ఇచ్చేలా చట్టం చేయడంతో ఇతర రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు న్యూయార్క్ లైసెన్సు విధానంలోని కీలక నిబంధనను కొట్టివేసింది. దీంతో జేబు తుపాకీ చర్చ మరోసారి ముందుకొచ్చింది. 2023లో స్మిత్ అండ్ వెస్సన్ ప్రధాన కార్యాలయం స్ప్రింగ్‌ఫీల్డ్ వీడి టెనెసీ రాష్ట్రానికి తరలింది.

మన జిల్లాల్లోనూ ఆ తూటాయే

మన దేశంలో పరిస్థితి పూర్తిగా భిన్నం. 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ కలిగి ఉండటం హక్కు కాదు, లైసెన్సుతో దక్కే అనుమతి మాత్రమే. .38 బోర్ సామాన్యులకు నిషిద్ధం. అందుకే లైసెన్సుదారుల వద్ద కనిపించే రివాల్వర్లు ఎక్కువగా .32 బోర్‌వి. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారయ్యే ఈ రివాల్వర్లలో వాడేది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్ కొలతల తూటా. అది 1896లో, వెస్సన్ బతికుండగానే ఆయన కంపెనీ రూపొందించినది. ఎన్నికల వేళ జిల్లాల్లో లైసెన్సుదారులు ఠాణాల్లో జమచేసే రివాల్వర్లలో చాలావాటి వెనుక ఆ నాగళ్ల ఇంటి బిడ్డ చేయి ఉందన్నమాట.

ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత మహిళల ఆత్మరక్షణ పేరుతో 2014 జనవరిలో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం నిర్భీక్ అనే .32 రివాల్వర్‌ను విడుదల చేసింది. బరువు అరకిలో, ధర రూ.1.22 లక్షలు. తుపాకీ నిజంగా మహిళకు రక్షణ ఇస్తుందా, లేక ఇంటికి మరో ప్రమాదం తెస్తుందా అని అప్పట్లో గట్టి చర్చే సాగింది. 2019లో సవరించిన చట్టం ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది.

ఇంట్లో ఉన్న తుపాకీ ఇంటివారికే ముప్పు కాకూడదన్న చింత 1887లోనే ఒక తయారీదారును వేధించింది. దానికి ఆయన కనుగొన్న జవాబు పిడి వెనుక ఒక చిన్న పలక. ఆ పలక పసివాడి వేళ్లను ఆపగలిగింది. పెద్దవారి కోపాన్ని, భయాన్ని ఆపే పలకను మాత్రం వెస్సన్ కానీ, ఆయన తర్వాతి వారు కానీ తయారుచేయలేకపోయారు. ఆ బాధ్యత నేటికీ చట్టాలది, వాటిని అమలుచేసేవారిది, ఆయుధం చేతపట్టిన మనిషి విచక్షణది.